గణనయంత్రముపై గానభారము

సంగీతము కాలమునకు కట్టువడిన కళ. చిత్రకారుడు తన కుంచెను ఒక దినము ప్రక్కన నుంచి మరునాడు మరల చేపట్టవచ్చును. శిల్పి ఉలిని దించి విశ్రమింపవచ్చును. గాయకునకు అట్టి వెసులుబాటు లేదు. తాళము సాగుచుండగా స్వరము తన వేళకు రావలెను. వేళ దప్పి వచ్చినచో అది స్వరము కాదు, దోషము. ఈ నియమము మానవుని గొంతుకే గాక, నేడు ధ్వనిముద్రణమునకు ఉపయోగించు కంప్యూటరునకును వర్తించుచున్నది. తెరపై అక్షరములు కూర్చు పనిలో యంత్రము ఒక క్షణము తడబడినను ఎవరును పట్టించుకొనరు. పాటను వినిపించు పనిలో అదే యంత్రము సెకనులో నూరవవంతు వెనుకబడినను చిటపటమను చప్పుడు వినవచ్చును, లేదా పాటయే తెగిపోవును. కావున కంప్యూటరుతో సంగీతము కూర్చువారి చరిత్ర యంతయు ఒక విధముగా యంత్రముపై భారము తగ్గించుటకై జరిగిన ప్రయత్నముల చరిత్రయే. ఆ చరిత్రలోని ముఖ్యఘట్టములను పరిశీలించి, వానినుండి మనము నేర్వదగినది ఏదియో ఈ ప్రసంగములో విచారింతము.

మొదట ఆ భార మెంతటిదో తెలిసికొనవలెను. ధ్వని యనగా గాలి ఒత్తిడిలోని హెచ్చుతగ్గుల అల. మైకు ఆ అలను విద్యుత్తుగా మార్చును. కంప్యూటరునకు అలలు తెలియవు, అంకెలు మాత్రమే తెలియును. అందుచే అలయొక్క ఎత్తును సెకనుకు వేల పర్యాయములు కొలిచి, ఆ కొలతలను అంకెలుగా వరుస నుంచుదురు. ఒక్కొక్క కొలతను శాంపిలు అందురు. ఎంత తరచుగా కొలువవలెనను ప్రశ్నకు హ్యారీ నైక్విస్టు 1928లోను, క్లాడ్ షానన్ 1949లోను ప్రచురించిన వ్యాసములు ఆధారము. పట్టుకొనదలచిన అత్యున్నత ధ్వనికి సెకనుకు ఎన్ని కంపనములుండునో, అంతకు రెండింతలకు మించి కొలువవలెనని ఆ సిద్ధాంతమునకు సారాంశము. మానవుని చెవి సుమారు 20,000 కంపనముల వరకు వినగలదు గనుక, 1982లో వెలువడిన కాంపాక్టు డిస్కునకు సెకనుకు 44,100 కొలతలు నిర్ణయింపబడినవి. ఒక్కొక్క కొలతకు 16 బిట్లు. కుడియెడమలకు రెండు వరుసలు. వెరసి సెకనుకు 14,11,200 బిట్లు. నిమిషపు పాటకు ఒక కోటి ఐదు లక్షల బైట్లకు పైగా కావలెను. ఇది నిలువ యుంచుటకు మాత్రమే. ఆ పాటలో గాత్రము, వయొలిను, వీణ, మృదంగము, తంబుర మొదలుగా ఇరువది ట్రాకులుండి, ఒక్కొక్క కొలతను సవరించుటకు నూరేసి గుణకారములు కావలసివచ్చినచో, యంత్రము సెకనుకు ఎనిమిది కోట్ల ఎనుబది రెండు లక్షల గుణకారములు చేయవలెను. అదియు వేళ తప్పకుండ చేయవలెను.

అయితే పరికరము చాలకపోవుటయు, ఉన్న పరికరముతోనే ఉపాయముగా గడుపుకొనుటయు కంప్యూటరుతో ఆరంభమైన సంగతులు కావు. టేపుల కాలముననే ఈ సమస్య కలదు. మద్రాసు స్టూడియోలలో మన తెలుగు చలనచిత్రగీతములు ముద్రితమైన తొలి దశకములలో గాయకులును వాద్యబృందమును ఒకే పర్యాయము, ఒకే కూర్పుగా పాడి వాయించుచుండిరి. ఒకరు తప్పినచో అందరును మొదటికి రావలసినదే. అమెరికాలో గిటారు విద్వాంసుడు లెస్ పాల్ ఒకే టేపుపై పాత వాద్యమును వినుచు దానితో కొత్త వాద్యమును కలిపి మరల ముద్రించు పద్ధతిని నడిపెను. ఈ పద్ధతిలో కొత్త పొర చేరినకొలది పాతది చెరిగి, రెండును కలిసిన ముద్ర మాత్రమే మిగులును. పదవ పొరలో తప్పు దొర్లినచో వెనుకటి తొమ్మిది పొరలును వ్యర్థమగును. 1957లో ఆంపెక్సు సంస్థ ఆయనకు ఎనిమిది ట్రాకుల యంత్రమును నిర్మించి యిచ్చిన పిమ్మట ఈ చిక్కు కొంత తీరెను.

ఎనిమిది ట్రాకులు అందరికిని అందుబాటులోనికి రాలేదు. 1967లో లండను నగరమందలి ఆబీ రోడ్డులోని ఇ.ఎం.ఐ. స్టూడియోలో బీటిల్సు బృందము ‘సార్జెంట్ పెప్పర్’ గీతసంపుటిని ముద్రించినపుడు వారికున్నవి నాలుగు ట్రాకుల యంత్రములే. నాలుగును నిండినపుడు వానిని కలిపి, వేరొక యంత్రములోని ఒకటి రెండు ట్రాకులకు దింపి, మిగిలిన ట్రాకులను ఖాళీ చేసికొనెడివారు. దీనివలన లాభమును కలదు, నష్టమును కలదు. చోటు దొరకుట లాభము. నకలు తీసిన ప్రతి పర్యాయమును టేపు బుసబుసలు పెరుగుట ఒక నష్టము. కలిపిన వాద్యములను మరల విడదీయలేకుండుట మరియొక నష్టము. డోలు ధ్వని ఎంత, గిటారు ధ్వని ఎంత అని అప్పటికప్పుడు తేల్చివేయవలెను. ఈ తేల్చివేయుట యను మాటను శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాము. ముప్పదియారు సంవత్సరముల తరువాత ఇదియే వేరొక వేషముతో కంప్యూటరులోనికి వచ్చినది.

ఇక కంప్యూటరు సంగతి. 1951లో మాంచెస్టరు విశ్వవిద్యాలయములోని ఫెరాంటీ మార్క్ 1 యంత్రముచేత క్రిస్టఫర్ స్ట్రేచీ పాటల వరుసలు పలికింపగా, బి.బి.సి. వారు దానిని ముద్రించిరి. కంప్యూటరు పాడిన పాట ఆరంభదశలోనే రేడియోవారి చేతిలో పడుట మనకు సంతోషకరమైన విషయము. కాని ఆ యంత్రము అలలను లెక్కకట్టలేదు. హెచ్చరిక కొరకు అమర్చిన మోతను లయబద్ధముగా మ్రోగించినది. ధ్వని అలను కొలతకొలతగా లెక్కించి సృష్టించిన కార్యక్రమమునకు ఆద్యుడు బెల్ టెలిఫోను ప్రయోగశాలలోని మాక్స్ మాథ్యూస్. 1957లో ఆయన రచించిన ‘మ్యూజిక్ 1’ అను ప్రోగ్రాము ఐ.బి.ఎం. 704 యంత్రముపై నడిచెను. న్యూమన్ గట్‌మన్ కూర్చిన 17 సెకనుల స్వల్పరచన దాని తొలిఫలము.

ఆ యంత్రము న్యూయార్కు నగరమందుండెను. మాథ్యూస్ పనిచేయు ప్రయోగశాల న్యూజెర్సీలోని మర్రేహిల్‌లో నుండెను. నగరమునకు పోయి లెక్కలు కట్టించి, ఆ అంకెలను అయస్కాంతపు టేపుపై నెక్కించుకొని, ప్రయోగశాలకు తిరిగి తెచ్చి, అంకెలను ధ్వనిగా మార్చు పరికరమునకు అందించినపుడు గాని పాట వినబడెడిది కాదు. పాట నడుచు వేగముతో లెక్క కట్టుట ఆనాటి యంత్రమునకు సాధ్యము కాలేదు. సాధ్యము కాదని తెలిసి, మాథ్యూస్ లెక్క కట్టు వేళను వినువేళనుండి వేరుచేసెను. నిదానముగా లెక్క కట్టుము, ముగిసిన పిమ్మట వినుము అనుటయే ఆ పద్ధతి. యంత్రభారము తగ్గించు ఉపాయములలో ఇది మొదటిది, నేటికిని ముఖ్యమైనది.

రెండవ ఉపాయమును ఆయనయే 1958 నాటి ‘మ్యూజిక్ 2’లో ప్రవేశపెట్టెను. మన పిల్లలు ఎక్కములు వల్లెవేయుట ఎందులకు? ఏడెనిమిదులెంత యని అడిగినపుడెల్ల ఏడును ఎనిమిది మార్లు కూడుచు కూర్చుండనక్కరలేక, ఏబదియారు అని నోట వచ్చుటకు. అట్లే అలయొక్క ఒక్క చుట్టును మాత్రము ముందుగా లెక్కించి పట్టికగా మెమరీలో నుంచి, తరువాత కావలసిన వేగముతో ఆ పట్టికను మరల మరల చదువుచు పోయినచో, ప్రతి కొలతకును త్రికోణమితి లెక్క క్రొత్తగా కట్టనక్కరలేదు. వేగముగా చదివిన తారస్థాయి, మెల్లగా చదివిన మంద్రస్థాయి. 1960లో వచ్చిన ‘మ్యూజిక్ 3’లో ఈ పట్టికలు చదువు భాగములను, ధ్వనులను కలుపు భాగములను చిన్న చిన్న పెట్టెలవలె వేరువేరుగా నుంచి, కావలసినవానిని మాత్రమే జోడించుకొను ఏర్పాటు చేసెను. వాడనిదానికి యంత్రము శ్రమపడనక్కరలేదు.

తరువాతి ఘట్టము అనురణనమునకు సంబంధించినది. దేవాలయ మండపములో చప్పట్లు కొట్టినచో ఆ శబ్దము గోడలకు, స్తంభములకు తగిలి, క్రమక్రమముగా సన్నగిల్లుచు కొంతసేపు నిలుచును. దీనిని స్టూడియోవారు రివర్బు అందురు. మండపములోని శబ్దపు జాడ రెండు సెకనులు నిలిచినదనుకొందము. అనగా 88,200 కొలతలు. పాటలోని ప్రతి కొలతను ఈ జాడలోని ప్రతి కొలతతోను గుణించి కూడినచో ఆ మండపములో పాడినట్లే వినబడును. కాని సెకనుకు 44,100 కొలతలు గనుక, గుణకారములు సెకనుకు 388 కోట్లు దాటును. ఆనాటి యంత్రములకు ఇది ఊహింపనలవి కాని సంఖ్య. బెల్ ప్రయోగశాలలోనే యున్న మాన్‌ఫ్రెడ్ ష్రోడర్ 1962లో ప్రకటించిన వ్యాసములో వేరు త్రోవ చూపెను. శబ్దమును కొంత ఆలస్యముచేసి, తగ్గించి, మరల మొదటికే పంపు చుట్టులు కొన్ని చాలును. అవి తిరుగుచుండగా వేల ప్రతిధ్వనులు వానంతట అవియే పుట్టుకొని వచ్చును. నిజమండపము కాకపోయినను, చెవి దానిని మండపమేయని అంగీకరించును. కొలది గుణకారములతో పని ముగిసెను.

నిజమైన జాడతోనే గుణింపదలచినవారికి గణితశాస్త్రము మరియొక మార్గము తెరచెను. 1965లో జేమ్స్ కూలీ, జాన్ టూకీ అనువారు అలను దానిలోని మూలస్వరములుగా విడగొట్టు లెక్కను మిక్కిలి పొదుపుగా కట్టు విధమును ప్రకటించిరి. జర్మను గణితవేత్త గౌస్ పందొమ్మిదవ శతాబ్ది ఆరంభముననే దీనిని కనుగొనియుండెనని పిమ్మట తెలియవచ్చెను. 1,024 కొలతల సమూహమును పాతవిధమున విడగొట్టుటకు పది లక్షలకు పైగా మెట్లు కావలెను. కొత్తవిధమున సుమారు పదివేలు చాలును. నూరింట ఒకవంతు! 1995లో విలియం గార్డ్‌నర్ ఈ సాధనమును ఉపయోగించి, జాడయొక్క మొదటి భాగమును చిన్న తునకలుగాను, తరువాతి భాగమును పెద్ద తునకలుగాను విభజించి, ఆలస్యము లేకయే రివర్బు పుట్టించు పద్ధతిని వివరించెను. ఈనాడు గొప్ప సభామందిరముల అనురణనము ఇంటి కంప్యూటరులో వినబడుచున్నదనిన, అది ఇట్టి విధానములవలననే సాధ్యమైనది.

పొదుపు వలన ఒక కొత్త నాదమే పుట్టుట జాన్ చౌనింగ్ కథలో చూడనగును. స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయములో ఆయన 1967లో ఒక వింతను గమనించెను. ఒక స్వరమును మరియొక స్వరముచేత మిక్కిలి వేగముగా కదలించినచో అది గమకముగా వినబడుట మాని, గంటవలె, ఇత్తడి వాద్యమువలె కొత్త నాదముగా మారును. అంతకుముందు అట్టి సంపన్నమైన నాదము పుట్టించుటకు పదుల కొలది అలలను వేరువేరుగా లెక్కించి కలుపవలసియుండెను. ఇపుడు రెండు అలలు చాలును. 1973లో ఆయన వ్యాసము వెలువడెను. జపాను దేశపు యమాహా సంస్థ ఈ విధానమును స్వీకరించి 1983లో డి.ఎక్స్.7 అను వాద్యమును విడుదలచేసెను. అది ఒకేసారి పదునారు స్వరములు పలుకును. ఆ దశకపు సినిమా పాటలు వినిన శ్రోతలకు దాని గంటలనాదము పేరు తెలియకపోయినను పరిచితమే.

అదే 1983లో మిడి అను ఉమ్మడి ఒడంబడిక ఏర్పడెను. దీనిని మన స్వరలిపితో పోల్చవచ్చును. స్వరలిపి పాట కాదు. పాట ఎట్లు పాడవలెనో తెలుపు వ్రాత. ఏ మీట, ఎంత గట్టిగా, ఎపుడు నొక్కబడెను, ఎపుడు విడువబడెను అను సమాచారమును మాత్రమే మిడి తీగెపై పంపును. ఒక స్వరము ఆరంభమునకు మూడు బైట్లు, ముగింపునకు మూడు బైట్లు చాలును. అదే స్వరమును ధ్వనిగా ఒక్క సెకను నిలువ యుంచుటకు 1,76,400 బైట్లు కావలెను. 1985లో వచ్చిన అటారి ఎస్.టి. అను చిన్న కంప్యూటరునకు మిడి తీగెలు తగిలించు రంధ్రములు పుట్టుకతోనే యుండెను. అందుచే అది సంగీతజ్ఞుల యిండ్లలో ప్రవేశించెను. నాదము పలుకు బరువును బయటి వాద్యములు మోసెడివి. కంప్యూటరు నట్టువాంగము చేయువానివలె వేళను మాత్రము చూపెడిది. 1989లో స్టైన్‌బెర్గు సంస్థ ఆ యంత్రముకొరకే క్యూబేసు అను ప్రోగ్రామును వెలువరించెను.

ధ్వనినే కంప్యూటరులో ముద్రించి సవరించు కోరిక అంతలో బలపడెను. డిజిడిజైను సంస్థ 1989లో సౌండ్ టూల్స్ అను రెండు ట్రాకుల సాధనమును, 1991లో ప్రో టూల్స్ అను నాలుగు ట్రాకుల సాధనమును విక్రయించెను. ఇందు ధ్వనిగణనమునకే ప్రత్యేకముగా చేసిన మోటరోలా చిప్పులు గల కార్డును కంప్యూటరులో అమర్చెడివారు. ముఖ్యయంత్రము తెరను, డిస్కును చూచుకొనగా, ధ్వని బరువును కార్డు మోసెడిది. పని చక్కగా జరిగెను గాని వెల సామాన్యులకు అందునది కాదు. ధనము గల స్టూడియోకు బరువు లేదు, ధనము లేనివానికి స్టూడియో లేదు అన్నట్లుండెను.

ఈ స్థితి 1996లో మారెను. స్టైన్‌బెర్గువారు క్యూబేసు వి.ఎస్.టి. అను రూపములో, ప్రత్యేకమైన కార్డు లేకయే, కంప్యూటరులోని సామాన్యమైన ప్రాసెసరుచేతనే మిక్సింగును, రివర్బు మొదలగు సవరణలను చేయించిరి. సవరణలు చేయు చిన్న ప్రోగ్రాములను ప్లగ్-ఇన్ అనిరి. వానిని తయారుచేయు పద్ధతిని ఇతరులకును తెలిపిరి. 1999లో వాద్యములను గూడ ప్లగ్-ఇన్‌లుగా అమర్చు వీలు కలిగెను. ఒక సామాన్య గృహస్థుని బల్లపైనున్న యంత్రము స్టూడియోయు, వాద్యబృందమును అయ్యెను. ఇది గొప్ప విముక్తి. కాని అంతవరకు కార్డులును, బయటి వాద్యములును పంచుకొన్న బరువంతయు ఒక్క ప్రాసెసరు నెత్తిపై పడెను. నేటికిని ఇంటిలో పాట కూర్చువారు ఎదుర్కొను చిక్కులన్నియు ఈ మార్పునుండియే పుట్టినవి.

అందు మొదటిది బఫరు. దీనిని పెండ్లివారింటి బంతిభోజనముతో పోల్చినచో సులభముగా తెలియును. బంతిలో కూర్చున్నవారు ఆగక భుజించుచుందురు. విస్తరి ఖాళీ కారాదు. వడ్డించువాని గిన్నె చిన్నదైనచో అతడు వంటయింటికి మాటిమాటికి పరుగిడవలెను. ఒక్క పర్యాయము ఆలస్యమైనను విస్తరి ఖాళీయగును. గిన్నె పెద్దదైనచో పరుగు తగ్గును. కాని అప్పుడే పొయ్యినుండి దిగిన కూర విస్తరికి వచ్చుటకు ఆలస్యమగును. కంప్యూటరు ధ్వనిని తునకలుగా లెక్కకట్టి అందించును. ఆ తునకయే బఫరు. 64 కొలతల తునకయైనచో ఒకటిన్నర మిల్లీసెకను. 1,024 కొలతలదైనచో 23 మిల్లీసెకనులు. మైకునుండి లోనికి పోవుట, మరల చెవికి వచ్చుట రెండును కలిసి ఆలస్యము ఇంతకు రెండింతలకు పైబడును. గాలిలో శబ్దము 23 మిల్లీసెకనులలో సుమారు ఎనిమిది మీటర్లు పోవును. తన గొంతు తనకే ఎనిమిది, పదునారు మీటర్ల దూరమునుండి వినబడినట్లయినచో గాయకుడు తాళము నిలుపుట కష్టము. అందుచే పాడునపుడు చిన్న బఫరును, పాడుట ముగిసి మిక్సింగు చేయునపుడు పెద్ద బఫరును ఉంచుట అనుభవజ్ఞుల పద్ధతి. ముద్రణ ముగిసిన పాటకు ఆలస్యముతో పనిలేదు గదా!

ఇచ్చట చాలమంది పొరబడు విషయ మొకటి కలదు. యంత్రముయొక్క శక్తిలో సగమే ఖర్చగుచున్నదని సూచిక చూపుచుండగా పాట తెగుట ఏల? సూచిక చూపునది సరాసరి. చెవి వినునది సరాసరి కాదు. వేయి తునకలలో తొమ్మిదివందల తొంబదితొమ్మిది వేళకు వచ్చి, ఒక్కటి వెనుకబడినను ఆ ఒక్కదాని చప్పుడే వినబడును. కనుకనే ముద్రణవేళ ఇతర ప్రోగ్రాములను మూసివేయుదురు; కంప్యూటరు తనంతట తాను మధ్యలో చేసికొను పనులను ఆపివేయుదురు.

రెండవది పంచుకొనుట. ఇరువది ట్రాకులకు ఇరువది రివర్బులు తగిలించుట కంటె, ఒక్క రివర్బును వేరుగా నుంచి, ట్రాకులన్నిటినుండి కావలసినంత ధ్వనిని దానికి పంపుట మేలు. బరువు ఇరువదవవంతగును. పాత స్టూడియోలలో ప్రతిధ్వని గదులు కొన్నియే యుండెడివి గనుక అచ్చటను ఇట్లే చేసిరి. ఇందు సంగీతలాభమును కలదు. వాద్యము లన్నియు ఒకే మండపములో కూర్చుండి వాయించినట్లు వినబడును.

మూడవది నిలువకు సంబంధించినది. పియానోవంటి వాద్యముయొక్క ప్రతి స్వరమును ముద్రించి నిలువయుంచినచో అది ఆనాటి మెమరీలో పట్టెడిది కాదు. 1998లో నెమిసిస్ సంస్థవారి గిగాశాంప్లరు దీనికొక ఉపాయము చూపెను. ప్రతి స్వరముయొక్క ఆరంభమును మాత్రము మెమరీలో నుంచి, మీట నొక్కగానే అది పలుకుచుండగా, మిగిలిన భాగమును హార్డు డిస్కునుండి తెప్పించుట. అతిథికి మంచినీళ్లిచ్చి కూర్చుండబెట్టి, లోపల వంట ముగించు గృహిణి నేర్పువంటిది ఈ నేర్పు.

నాలుగవది వినుటకు వింతగా నుండును. యంత్రమునకు నిశ్శబ్దము భారమైన కథ ఇది. రివర్బు క్రమముగా సన్నగిల్లి వినబడకుండ పోయిన పిమ్మటను, లెక్కలో అది సున్న కాదు. దశాంశబిందువు తరువాత ముప్పది నలువది సున్నలు గల అతిసూక్ష్మసంఖ్య. 1985లో ఏర్పడిన సంఖ్యానియమముల ప్రకారము ఇట్టి సూక్ష్మసంఖ్యలను ప్రాసెసరు జాగ్రత్తగా లెక్కించును. కాని ఆ లెక్కకు సామాన్యమైన లెక్కకంటె ఎన్నో రెట్లు కాలము పట్టును. 2000లో వచ్చిన పెంటియం 4 ప్రాసెసరులో ఈ బాధ తీవ్రముగా కనబడెను. పాట సాగునపుడు సజావుగా నడిచిన యంత్రము, పాట ఆగి నిశ్శబ్దము కాగానే ఉక్కిరిబిక్కిరి అయ్యెడిది. ప్రోగ్రాములు వ్రాయువారు చెవికి వినరాని అత్యల్పమైన సడిని కావలెనని కలిపియు, సూక్ష్మసంఖ్యలను సున్నగా భావింపుమని ప్రాసెసరును ఆదేశించియు ఈ బాధ తొలగించిరి.

ఇక అన్నిటికంటె ముఖ్యమైనది 2003లో వచ్చెను. ఇమేజిక్ వారి లాజిక్ 6 అను ప్రోగ్రాములో ఫ్రీజు అను సౌకర్య మేర్పడెను. భారమైన వాద్యమును, దాని సవరణలను యంత్రము ఒక్క పర్యాయము నిదానముగా లెక్కకట్టి, ఫలితమును సామాన్యమైన ధ్వనిగా డిస్కుపై వ్రాసికొనును. ఆపైన ఆ ప్లగ్-ఇన్‌లు నిద్రించును; యంత్రము వ్రాసిన ధ్వనిని చదివి వినిపించును. చదువుట తేలిక, లెక్కించుట బరువు. అదే సంవత్సరమున క్యూబేసు కూడ ఇట్టి సౌకర్యమును చేర్చుకొనెను. శ్రోతలు గమనింపగలరు: లెక్క కట్టు వేళను వినువేళనుండి వేరుచేయుట 1957లో మాథ్యూస్ చేసిన పనియే, పొరలను కలిపి దింపుకొని చోటు చేసికొనుట 1967లో ఆబీ రోడ్డువారు చేసిన పనియే. భేద మొక్కటి కలదు. టేపుపై కలిపినది కలిసిపోయెను. ఇచ్చట ఫ్రీజు తొలగించినచో మొదటి రూపము మరల దక్కును, నకలువలన బుసబుసలును పెరుగవు.

సుమారు 2005 నుండి ప్రాసెసరుల వేగము పెరుగుట మందగించి, ఒకే చిప్పులో రెండు, నాలుగు, ఎనిమిది ప్రాసెసరులుంచుట ఆచారమయ్యెను. పది ట్రాకులను పదిమంది మోయవచ్చును. కాని ఒకే ట్రాకుపై ఒకదాని వెనుక ఒకటిగా పది ప్లగ్-ఇన్‌లు తగిలించినచో, మొదటిదాని ఫలితము కొరకు రెండవది వేచియుండవలెను. ఎనిమిదిమంది యున్నను ఏడుగురు చూచుచు నిలువవలసినదే. పనివారు పెరిగినను పని అమరిక తెలియవలెనని దీని తాత్పర్యము. అట్లే 44,100కు బదులు 96,000 కొలతలు ఎంచుకొన్నచో ప్రతి లెక్కయు రెండింతలకు పైగా పెరుగును. ఆ పెంపు వలన తన పాటకు కలుగు లాభ మెంతయో చెవితో విని నిర్ణయించుకొనుట వివేకము.

ఇంతవరకు చెప్పినది ఉపాయముల కథ. దీనిలో ఇమిడిన అసలు ప్రశ్న వేరొకటి కలదు. పాత కంప్యూటరు ఒక్కటి మాత్రమే గల యువకుడు, కొత్తది కొనలేని గాయని, సంగీతమునకు అనర్హులా? మన చరిత్ర కాదనియే చెప్పుచున్నది. 17 సెకనుల సంగీతము కొరకు నగరమునకు పోయివచ్చినవారు, నాలుగు ట్రాకులలో మహాసంపుటిని ఇమిడ్చినవారు, రెండు అలలతో గంటానాదము పుట్టించినవారు, అందరును చాలని యంత్రములతో పనిచేసినవారే. నేటి పాత కంప్యూటరు సైతము 1957 నాటి మహాయంత్రముకంటె ఎన్నో రెట్లు బలమైనది. బఫరును సమయానుకూలముగా మార్చుట, ఒక్క రివర్బును అందరికి పంచుట, ముగిసిన ట్రాకును ఫ్రీజు చేయుట, వాడనిదానిని తొలగించుట, ఇవి ఖర్చు లేని సాధనములు.

కొందరు దీనికి ఎదురు వాదింతురు. సంగీతజ్ఞుని మనస్సు స్వరముపై నుండవలెను గాని యంత్రముపై గాదు. పరిమితులను పొగడుట పేదరికమును పొగడుటవంటిది అని వారందురు. ఈ మాటలో సత్యము లేకపోలేదు. టేపు బుసబుసలలో మునిగిన గొంతులు, ఒక్క తప్పుతో చెరిగిపోయిన పొరలు, వెల అందక మూగవోయిన ప్రతిభలు ఈ చరిత్రలోనివే. కష్టము దానంతట అది గొప్ప కాదు. కాని ఫ్రీజు మీట నొక్కునపుడు యంత్రముతోపాటు మనస్సునకు గూడ ఒక బరువు తగ్గుచున్నది. ఈ వాద్యము ముగిసినది, ఇది ఇట్లే యుండును అని తేల్చుకొన్నవాడు తరువాతి వాద్యమునకు పోగలడు. తేల్చుకొననివాడు నూరు ట్రాకులను తెరచియుంచి, అన్నిటిని అనంతముగా మార్చుచు, ఏ పాటను ముగింపలేడు. ఎంత శక్తిగల యంత్రమును ఆ భారమును దింపజాలదు. దానిని పాట కూర్చువాడే దింపుకొనవలెను.